కళ్లజోడున్న నాకు కుదిరిన 8×42 బైనాక్యులర్

మొదట కొన్న బైనాక్యులర్ ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. దాని మీద 30×60 అని బంగారు రంగు అంకెలుంటాయి. ముందు గాజులు దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తుంటాయి. ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలు పెట్టి తెప్పించాను. ముప్పై రెట్లు దగ్గరగా కనిపిస్తుందంటే ఇంకేం కావాలనుకున్నాను.

మర్నాడు పొద్దున సఫిల్‌గూడ చెరువు గట్టు మీద నిలబడి, నీళ్ల మధ్య ఎండు మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న పిట్టను చూద్దామని కళ్లకు పెట్టుకున్నాను. ఒక్క పిట్ట రెండుగా కనిపించింది. చుట్టూ అంతా పాచి పట్టిన నీళ్లలోంచి చూసినట్టు పచ్చగా ఉంది. చెయ్యి ఇసుమంత కదిలితే పిట్ట ఎగిరి అవతలి ఒడ్డున పడినట్టయ్యేది. పది నిమిషాలకే తల నొప్పి పట్టుకుంది.

నేను లెక్కల టీచర్ని. అంకెలు తప్పయితే నాకు నిద్ర పట్టదు. ఇంటికొచ్చి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి ముందు గాజు వ్యాసం కొలిచాను. 60 అని రాసిన చోట 21 మిల్లీమీటర్లుంది. ఆ ముప్పై రెట్లూ అంతే సంగతి అనుకున్నాను. తిరిగి పంపుదామంటే గడువు దాటిపోయింది. ఆ పొరపాటు ఇంకొకరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే ఆ పూట అమ్మ నా పక్కన లేకపోతే, పిట్టల్ని చూడ్డం నాకు చేతకాదనుకుని అక్కడే వదిలేసేదాన్ని.

అమ్మది నల్లగొండ వైపు ఊరు. రెండేళ్ల కిందట ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించి మల్కాజిగిరిలో మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. డాక్టరు నడవమన్నారని రోజూ పొద్దున్నే ఇద్దరం చెరువు దగ్గరికి వెళ్లేవాళ్లం. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే, అమ్మ మధ్యమధ్యలో ఆగిపోయేది. "ఆగు బిడ్డా, గా మొద్దు మీద నీటికాకి జూడు. మా చెర్ల మస్తుండేవి" అనేది. గుర్రపుడెక్క మీద నడిచే నీలిరంగు కోడి, ఉన్నట్టుండి నీళ్లలో మునిగి ఇంకెక్కడో తేలే బుడుబుంగ, గేటు దగ్గర వేపచెట్టు మీద జెముడుకాకి. పదేళ్లుగా ఆ దారిలోనే తిరుగుతున్న నాకు అక్కడ కాకులు, పావురాలు, కొంగలు తప్ప ఇంకేవీ ఉన్నట్టు తెలీదు. అమ్మ పేరు చెప్పాకే పిట్ట కనిపించడం మొదలైంది. కనిపించాక ఇంకాస్త దగ్గరగా చూడాలనిపించింది.

అందుకే రెండోసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు. ఒక శనివారం స్కూలు అయ్యాక కోఠి వెళ్లి, కెమెరాలు అమ్మే ఒక పాత దుకాణంలో కూర్చున్నాను. అక్కడున్నాయన ఓపికకు దండం పెట్టాలి. నాలుగు బైనాక్యులర్లు కౌంటరు మీద పెట్టి, "మేడమ్, ముందు బయటికెళ్లి రోడ్డుకవతల ఉన్న బోర్డులు చదవండి, ధర తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. నాలుగూ మెడలో వేసుకుని మెట్ల మీద నిలబడి అరగంట చూశాను. ఎదురుగా మేడ మీది నీళ్ల ట్యాంకు అంచున ఒక గద్ద కూర్చుని ఉంది. నాలుగింటికీ అదే పరీక్ష.

చివరికి తీసుకున్నది నికాన్ ప్రోస్టాఫ్ వరసలోని 8×42. పది నెలలుగా, వానాకాలంతో సహా, వారంలో ఐదు రోజులు వాడాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, అందులోనూ నాలా కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు, ధైర్యంగా చెప్తాను: ఇలాంటిది కొనండి. ఈ కంపెనీయే కానక్కర్లేదు. పదివేలు మొదలుకొని పదిహేను వేల వరకు నాలుగైదు కంపెనీలకు 8×42లు ఉన్నాయి. కంపెనీ కన్నా ఆ అంకెలు ముఖ్యం.

అంకెల సంగతి పిల్లలకు చెప్పినట్టే చెప్తాను. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెప్తుంది. రెండోది ముందు గాజు వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది మీ కంటి దగ్గరికి చేరే వెలుగు వృత్తం వ్యాసం. 42ని 8తో భాగిస్తే 5.25. జేబులో పట్టే 10×25 అయితే రెండున్నరే. పొద్దున ఆరుగంటలకు, చెట్ల నీడలో, మబ్బు పట్టిన రోజున మన కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు రెండున్నర మిల్లీమీటర్ల వెలుగు సరిపోదు. పిట్ట ఆకారం తెలుస్తుంది గానీ రంగు తెలీదు. దుకాణంలో దీపాల కింద చూస్తే ఈ తేడా పట్టుబడదు, అందుకే బయటికెళ్లి చూడమన్నారాయన. బైనాక్యులర్‌ని చేతులు చాచి దూరంగా పట్టుకుని ఆకాశం వైపు తిప్పితే, వెనక గాజుల్లో ఆ వెలుగు వృత్తాలు చిన్న నాణేల్లా కనిపిస్తాయి. గుండ్రంగా, అంచులు తెగకుండా ఉండాలి. ఇది ఎవరైనా చేయగల పరీక్ష.

మరి పది రెట్లది ఎందుకు కాదు? పది రెట్లది పిట్టను పెద్దగా చూపిస్తుంది, నిజమే. మన చేతి వణుకును కూడా అంతే పెద్దది చేస్తుంది. కుర్రవాళ్ల చేతులకు పరవాలేదేమో. నాకు యాభై ఒకటి, అమ్మకు డెబ్బై ఆరు. ఎనిమిది రెట్లదే మా చేతుల్లో నిలకడగా ఉంది. నిలకడగా ఉన్న ఎనిమిది ముందు వణికే పది తక్కువే.

ఇక కళ్లజోడు సంగతి. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. బైనాక్యులర్ వెనక గాజు నుంచి ఎంత దూరంలో కన్ను ఉంటే దృశ్యం మొత్తం కనిపిస్తుందో, ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్లజోడు ఉన్నవాళ్ల కన్ను ఎలాగూ వెనక్కే ఉంటుంది కాబట్టి ఆ దూరం కనీసం 15, 16 మిల్లీమీటర్లుండాలి. నేను తీసుకున్నదానికి 20.2. వెనక ఉండే రబ్బరు కప్పులను తిప్పి పూర్తిగా కిందికి దించేసి, కళ్లజోడు తీయకుండానే చూడొచ్చు. ఇది తెలీని రోజుల్లో నేను పిట్ట కనబడగానే కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, బైనాక్యులర్ ఎత్తి, ఫోకస్ తిప్పేలోపు పిట్ట వెళ్లిపోయేది. మళ్లీ కళ్లజోడు దించుకుంటే చెట్టు తప్ప ఏమీ ఉండేది కాదు. సగం పిట్టలు నాకలా పోయాయి.

కొన్నవాళ్లు చాలామంది చేయని పని ఇంకొకటుంది. రెండు కళ్ల చూపూ ఒకేలా ఉండదు కదా, ఆ తేడాను సరిచేసే రింగు కుడి కన్ను దగ్గర ఉంటుంది. దూరంగా కదలని వస్తువునొకదాన్ని ఎంచుకోండి. నేను చెరువు అవతలి ఒడ్డున ఉన్న బోర్డును పెట్టుకున్నాను. కుడి కన్ను మూసి, మధ్యలో ఉండే చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, ఈసారి మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి వైపు రింగు మాత్రమే తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకోవాలి. ఒక్కసారి చేస్తే చాలు. ఆ తర్వాత మధ్య చక్రమే తిప్పుకోవాలి. ఇది చేయకుండా బైనాక్యులర్ బాగోలేదని పక్కన పడేసినవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఇద్దరున్నారు. ఇద్దరివీ నేను సరిచేసిచ్చాను.

పిట్ట మీదికి గురి కుదరడం కూడా అలవాటు మీద వచ్చేదే. ముందు మామూలు కళ్లతో పిట్టను పట్టుకోవాలి. చూపు అక్కడే ఉంచి, తల దించకుండా, బైనాక్యులర్‌నే కళ్లకు తెచ్చుకోవాలి. మొదటి వారం కరెంటు స్తంభం మీది కాకులతోనే సాధన చేశాను. కాకి ఓపికగా కూర్చుంటుంది.

మార్చిలో ఒక పొద్దున జరిగింది చెప్తాను. మా వీధి చివర వేపచెట్టులో కోయిల కూస్తోంది. ప్రతి ఏడూ కూస్తుంది, ప్రతి ఏడూ వింటాం. ఈసారి ఆకుల మధ్య నల్లగా ఏదో కదిలితే బైనాక్యులర్ ఎత్తాను. మగ కోయిల. నల్లటి ఈకల మీద ఎండ పడ్డ చోట ఉక్కు నీలం మెరుస్తోంది. ముక్కు లేత ఆకుపచ్చ. కన్ను మాత్రం ఎరుపు, పండిన గురిగింజ ఎరుపు. గొంతు ఉబ్బి, ఒక్కో కూతకూ తోక చిన్నగా కదులుతోంది. యాభై ఏళ్లుగా వింటున్న కూతకు ఆ రోజు ఒక ముఖం దొరికింది. అమ్మకు ఇచ్చాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కోయిలకు కండ్లు గింత ఎర్రగుంటయా బిడ్డా? ఊళ్లె ఉన్నన్ని దినాలు చెట్టు కిందనే ఉంటిమి, ఎన్నడు జూడలె" అంది. పక్క కొమ్మ మీద గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలున్న ఇంకో పిట్టను చూపించి, అదే ఆడ కోయిల అంటే నమ్మలేదు. నల్లది కాదు కదా అంది. కాకి గూట్లో గుడ్డు పెట్టేది ఆ చుక్కల కోయిలే అని చెప్తే, ఆ పూటంతా దాని గురించే మాట్లాడింది.

అలాగే గుడ్డికొంగ. బురద ఒడ్డున మట్టి రంగులో, మెడ లోపలికి ముడుచుకుని, ఉందో లేదో తెలీకుండా నిలబడి ఉంటుంది. అడుగు దగ్గరికేస్తే తెల్లటి రెక్కలు విప్పి లేస్తుంది. ఇన్నాళ్లూ తెల్లకొంగ లేచిందనుకునేదాన్ని. అది లేవకముందే, నిలబడి ఉన్నప్పుడే, మెడ మీది గోధుమ గీతల్ని ఒక్కొక్కటిగా చూడగలిగితేనే ఇది వేరే పిట్ట అని తెలిసింది. బైనాక్యులర్ ఉంటే పిట్టను లేపక్కర్లేదు. అది తన పని తను చేసుకుంటుంటే మనం చూడొచ్చు. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది అదే.

లోపాల గురించి కూడా చెప్పాలి. ఈ ధరలో దొరికే ఏ బైనాక్యులర్‌లోనైనా దృశ్యం నడిమి భాగం ఉన్నంత స్పష్టంగా అంచులుండవు. పిట్టను మధ్యలో పెట్టుకుని చూస్తాం కాబట్టి నాకది ఇబ్బంది అనిపించలేదు. కనిష్ఠ ఫోకస్ దూరం మూడు మీటర్లు, అంటే కుండీలో మందారం మీద వాలిన తేనెపిట్టను బాల్కనీలోనే నిలబడి చూద్దామంటే కుదరదు, గదిలోకి వెనక్కి నడవాలి. అరకిలో పైచిలుకు బరువు మెడకు వేలాడితే గంట తర్వాత తెలుస్తుంది. నేను మెడ పట్టీ బదులు భుజాల మీదుగా వచ్చే పట్టీ వేరే కొనుక్కున్నాను. అమ్మకైతే అది తప్పనిసరి. వాన సంగతికొస్తే, లోపల నైట్రోజన్ నింపి నీళ్లు పోకుండా సీల్ చేసినదే తీసుకోండి. జూలైలో గట్టు మీద పట్టుకున్న వానకు మేమిద్దరం తడిసి ముద్దయ్యాం గానీ దాని లోపల ఆవిరి పట్టలేదు.

చెరువు పెద్దదైతే మాత్రం ఎనిమిది రెట్లు చాలవు. అది అమీన్‌పూర్‌లో తెలిసింది.

డిసెంబరులో ఒక ఆదివారం డెక్కన్ బర్డర్స్ వాళ్లతో అమీన్‌పూర్ చెరువుకు వెళ్లాను. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైన సంఘం అది. మన ఊళ్లో పిట్టల్ని చూసేవాళ్లకు పెద్దదిక్కు. తెలిసినవాళ్లెవరూ లేకుండా వెళ్లడానికి మొహమాటపడ్డాను. గేటు దగ్గరే ఒక పెద్దాయన, "రండమ్మా, మొదటిసారా? మీ బైనాక్యులర్ ఏదీ, ఇలా ఇవ్వండి చూస్తాను" అని పలకరించారు. ఆయన మాటల్లోనే తెలిసింది, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931, 32 సంవత్సరాల్లో నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేశారని. ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టూ ఎన్ని చెరువులుండేవో తలుచుకుంటూ నడిచాను. అమీన్‌పూర్‌ను 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అయినా చుట్టూ అపార్టుమెంట్లు గోడల్లా లేచి ఉన్నాయి. ఒడ్డున ప్లాస్టిక్ సంచుల మధ్య ఉల్లంకి పిట్టలు మేత వెతుక్కుంటుంటే గుండె కలుక్కుమంది.

నడిమి నీళ్లలో బాతుల గుంపు. నా దాంట్లో చుక్కల్లా, అటూఇటూ కదిలే గింజల్లా కనిపించాయి. స్టాండు మీద టెలిస్కోప్ లాంటిది పెట్టి ఉంటే అందులోంచి చూడమన్నారు. ముక్కు చివర గరిటెలా వెడల్పయిన షవలర్ బాతులు! మధ్య ఆసియా, సైబీరియా వైపుల నుంచి వచ్చి చలికాలం మన చెరువుల్లో ఉంటాయని చెప్పారు. ఆ గరిటె ముక్కును నీటి మీద ఆనించి, గుండ్రంగా తిరుగుతూ మేత వడగట్టుకుంటున్నాయి. అంత దూరపు బాతుల కోసం స్పాటింగ్ స్కోప్ కావాలి. దానికి డబ్బు చాలా అవుతుంది, అందుకని కొత్తవాళ్లు కొనక్కర్లేదు. ఇలాంటి నడకకు వెళ్తే ఎవరో ఒకరు తెచ్చే ఉంటారు, పిలిచి మరీ చూపిస్తారు.

ఇంకో సలహా కూడా అక్కడే విన్నాను. మొదట్లో నెలకో కొత్త చోటికి పరుగెత్తొద్దు, ఇంటి దగ్గరి చెరువునే ఏడాది పొడవునా చూడండి అన్నారు. మాకు సఫిల్‌గూడ ఉంది. కూకట్‌పల్లి, గచ్చిబౌలి వైపు వాళ్లకు కొత్తగూడ బొటానికల్ గార్డెన్, జూబ్లీహిల్స్ వాళ్లకు కేబీఆర్ పార్కు, గండిపేట దగ్గరున్నవాళ్లకు ఆ చెరువే ఉన్నాయి. ఒకే చోటు చూస్తుంటే ఏది ఎప్పుడూ ఉంటుందో, ఏది చలికాలంలోనే వస్తుందో మనకే తెలుస్తుంది. సెప్టెంబరులో మా గట్టు మీద తోక ఊపుకుంటూ తిరిగే జిట్టంగి కనిపించినప్పుడు, నిన్నటిదాకా లేదే అని నాకు నేనుగా గుర్తుపట్టాను. ఆ ఆనందం ఎవరో చూపిస్తే వచ్చేది కాదు.

పేర్ల కోసం నేను వాడేది మెర్లిన్ యాప్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షుల ప్రయోగశాల వాళ్లు ఉచితంగా ఇస్తున్నారు. మన ప్రాంతపు పక్షుల ప్యాక్ ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, ఎంత పెద్దది, ఏ రంగులు, ఏం చేస్తోంది అని అడిగి, ఆ చోట ఆ నెలలో ఉండే పిట్టల్లోంచి కొన్నిటిని ముందు పెడుతుంది. ఆ ప్రశ్నలే నాకు చూడ్డం నేర్పాయి. పిట్ట పోయాక "రంగు ఏంటి?" అని అది అడిగితే చెప్పలేకపోయిన రోజులున్నాయి. ఇప్పుడు చూస్తున్నప్పుడే కనుబొమ గీత ఉందా, కాళ్ల రంగేంటి, తోక అంచు తెల్లగా ఉందా అని మనసులో చదువుకుంటాను.

కూత విని పేరు చెప్పే సదుపాయం కూడా ఉంది. బాగుంటుంది, కానీ కంటితో చూడందే రాసుకోకూడదు. ఒక పొద్దున ఫోను పట్టుకుంటే షిక్రా అని చూపించింది. అంటే చిన్న డేగ. నేను సంబరంగా చెట్లన్నీ వెతికాను. డేగ లేదు. కరెంటు తీగ మీద చీలిన తోకతో ఒక నల్ల పిట్ట కూర్చుని, నోరు తెరిచినప్పుడల్లా ఆ డేగ కూతే కూస్తోంది. అమ్మ నవ్వింది. "గది పసుల పోలిగాడు. డేగ లెక్క అరిచి కడమ పిట్టల్ని బెదిరిస్తది" అంది. నల్ల ఏట్రింత అని కూడా అంటారు దీన్ని. డేగ కూతను అనుకరించడంలో అది ఎంత నేర్పరి అంటే యాప్ విన్నది తప్పేమీ కాదు, కూత అచ్చం డేగదే. కూర్చున్నది ఎవరో చెప్పడానికి మాత్రం బైనాక్యులర్, అమ్మ కావాల్సొచ్చింది.

అప్పటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమ వైపు యాప్ చెప్పిన పేరు, కుడి వైపు అమ్మ చెప్పిన పేరు. లకుముకి, పికిలి, తీతువు, గిజిగాడు, కౌజు, పూరేడు. కొన్నిటికి అమ్మ దగ్గర పేరు లేదు, ఆ గడి ఖాళీగా ఉంచాను. కొన్నిటికి వాళ్ల ఊరి పేరుంది గానీ అది ఏ పిట్టో ఇంకా దొరకలేదు. ఇంట్లో పల్లెటూరి పెద్దవాళ్లుంటే, బైనాక్యులర్ కొన్న రోజే వాళ్ల పక్కన కూర్చోండి. ఆ పేర్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. యాప్‌లో ఉన్న కూతల్ని గట్టిగా వినిపించి పిట్టల్ని దగ్గరికి రప్పించకండి. తన చోటుకి ఇంకోటి వచ్చిందనుకుని అవి మేత మానేసి, గూడు వదిలి కంగారు పడతాయి. గూళ్ల దగ్గరికి వెళ్లి ఫొటోలు తీయడం కూడా అంతే. గిజిగాడి గూళ్లు ఈత చెట్టుకు వేలాడుతుంటే యాభై అడుగుల దూరంలో కూర్చుని ఒక మగ పిట్ట గడ్డిపోచను ముక్కుతో ముడేయడం నలభై నిమిషాలు చూశాం. అది మావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పోయిన దసరాకు ఊరికి వెళ్లాం. పాలపిట్టను చూడాలని జమ్మిచెట్టుకు వెళ్లే దారిలో ఒకాయన చిన్న బోనులో పాలపిట్టను పెట్టుకుని, చూసినందుకు పదో ఇరవయ్యో తీసుకుంటున్నాడు. రెక్కలు జిగురుతో అంటుకుపోయి ఉన్నాయి దానికి. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం ఇలా పట్టి ఉంచడం నేరం. అది మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. నేను ఆయనకు ఆ మాట చెప్పేలోపే అమ్మ, "బోనుల జూస్తే ఏం పుణ్యమొస్తది, ఇడిసిపెట్టు కొడుకా" అని గట్టిగా అంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా కలిశారు. ఆయన సర్దుకుని వెళ్లిపోయాడు గానీ పిట్టను వదిలాడో లేదో మాకు తెలీలేదు. ఆ బాధ ఇంకా ఉంది. మర్నాడు పొలం గట్టున తీగ మీద ఒకటి కనిపించింది. కూర్చున్నప్పుడు మట్టి రంగు పిట్టే. ఎనిమిది రెట్లలో గొంతు కింద సన్నటి తెల్లగీతలు, పొట్ట దగ్గర లేత నీలం. అది కిందికి దూకినప్పుడు విచ్చుకున్న నీలాన్ని అమ్మ బైనాక్యులర్‌లోంచే చూసింది. ఎగిరే పిట్ట వెంట గురి తిప్పడం తనకు వచ్చేసింది.

కెమెరా కొనమంటారా అని స్కూల్లో పిల్లలు అడుగుతున్నారు. మొదటి ఏడాది వద్దనే చెప్తాను. కెమెరా ఉంటే ఫొటో వచ్చిందా లేదా అన్నదే మనసులో ఉంటుంది. పిట్ట ఏం తింటోంది, ఎవరితో పోట్లాడుతోంది అన్నది పోతుంది. ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్, భుజాల పట్టీ, ఒక నోటుపుస్తకం వచ్చి ఇంకా మిగులుతాయి. గాజుల్ని చున్నీ కొంగుతో తుడవొద్దు. ముందు దుమ్ము ఊదేసి, తర్వాత మెత్తటి గుడ్డతో తుడవాలి. దీంతో సూర్యుడి వైపు ఎప్పుడూ చూడకూడదు. పొద్దున చెరువు మీద తూర్పు దిక్కున పిట్ట ఉంటే వదిలేయండి.

ఇద్దరం ఒక్కటే వాడుకుంటాం కాబట్టి ఒక చిక్కు వచ్చింది. అమ్మ ఆపరేషన్ అయిన కంటికీ, కాని కంటికీ చూపులో తేడా చాలా ఉంది. తను చూశాక నాకిస్తే నాకు మసక, నేను సరిచేసుకుని ఇస్తే తనకు మసక. ఈలోగా పిట్ట వెళ్లిపోయేది. ఇంకొకటి కొందామంటే అమ్మ ఒప్పుకోలేదు, గంత పైసలెందుకంది. ఒకరోజు కుడి కంటి రింగు నాకు ఎక్కడ కుదురుతుందో అక్కడ స్కూలు వైట్నర్‌తో చిన్న చుక్క పెట్టాను. అమ్మకు కుదిరిన చోట మా అమ్మాయి గోళ్ల రంగు తెచ్చి ఇంకో చుక్క పెట్టింది. ఇప్పుడు చేతులు మారేటప్పుడు బొటనవేలితో రింగు అటు నుంచి ఇటు తిప్పితే చాలు. తెల్ల చుక్క నాది, ఎర్ర చుక్క అమ్మది.